పీటర్ అవుట్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషులో ఏదైనా మెల్లమెల్లగా తగ్గిపోవడం గురించి చెప్పాలంటే చాలా ఫ్రేజల్ వెర్బులు, అంటే వెర్బుకి అవుట్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి ఏర్పడేవి, ఉన్నాయి. వాటిలో పీటర్ అవుట్ మీద వచ్చినన్ని సందేహాలు మిగతా వాటి మీద రావు. అర్థం తెలిసినవాళ్లు కూడా వాక్యంలో పెట్టేటప్పుడు తడబడతారు. డిగ్రీ పిల్లలకి, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఇంగ్లీషు చెప్పేటప్పుడు మళ్లీ మళ్లీ వినే ప్రశ్నలన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇంగ్లీషు వాక్యాలు తెలుగు లిపిలోనే రాశాను, పైకి చదువుకుంటే చాలు.

అసలు పీటర్ అవుట్ అంటే ఏంటి?

తగ్గుతూ తగ్గుతూ వచ్చి చివరికి ఆగిపోవడం. ఈ అర్థంలో రెండు భాగాలున్నాయి, రెండూ ఉంటేనే ఆ మాట అతుకుతుంది. తగ్గడం ఒకటి, అయిపోవడం రెండోది. పొద్దున్నుంచి దంచి కొట్టిన వాన మధ్యాహ్నానికి జల్లయి, సాయంత్రానికి తుంపరయి, తర్వాత ఎప్పుడు ఆగిందో కూడా మనం గమనించలేదనుకోండి, అప్పుడు ‘ద రెయిన్ పీటర్డ్ అవుట్ బై ఈవినింగ్’ అంటాం. అదే వాన ఠక్కున ఆగిపోతే ‘ద రెయిన్ స్టాప్డ్’. వాన పడుతూనే ఉండి జోరు మాత్రం తగ్గితే ‘ద రెయిన్ ఈజ్డ్ ఆఫ్’.

ఇంకో సంగతి కూడా ఇందులోనే ఉంది. ఎవరో కావాలని ఆపితే అది పీటర్ అవుట్ అవ్వదు. దానంతట అది, పట్టించుకునేవాళ్లు లేకనో, లోపల సత్తువ లేకనో ఆగిపోవాలి.

డిక్షనరీలో ‘క్షీణించు’ అని ఉంది, అది గుర్తుపెట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. నాకు తెలిసి ఎక్కువ తప్పులు అక్కడి నుంచే వస్తున్నాయి. క్షీణించు అనగానే మనకి ఆరోగ్యం, రూపాయి విలువ, శాంతిభద్రతలు గుర్తొస్తాయి. ఆ మూడింటికీ పీటర్ అవుట్ పనికిరాదు. తాతగారి ఆరోగ్యం క్షీణిస్తోందని చెప్పాలంటే ‘హిజ్ హెల్త్ ఈజ్ ఫెయిలింగ్’ అనాలి. రూపాయి విలువ తగ్గితే ‘ద రూపీ హాజ్ ఫాలెన్’ అంటారు, రూపాయి తగ్గింది తప్ప అయిపోలేదు కదా.

ఒక్క తెలుగు మాటతో జత కట్టకుండా ‘తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది’ అనే మొత్తాన్ని గుర్తుపెట్టుకోండి. మీరు రాయబోయే వాక్యంలో ఈ ముక్క పెట్టి చూడండి. ‘తాతగారి ఆరోగ్యం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది’ అని ఎవరూ అనరు. ‘చప్పట్లు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి’ అంటాం. రెండోదానికి పీటర్ అవుట్ వాడుకోవచ్చు, మొదటిదానికి వద్దు. ఈ చిన్న పరీక్ష నూటికి నూరుసార్లు పనిచేస్తుందని చెప్పను గానీ చాలా సందర్భాల్లో మిమ్మల్ని కాపాడుతుంది.

ఏవేవి పీటర్ అవుట్ అవుతాయి? మనుషులు అవుతారా?

దారులు, బాటలు, వాగులు. మాటలు, చర్చలు, ఉత్తరప్రత్యుత్తరాలు. ఉత్సాహం, ఆసక్తి, ఊపు. ఆందోళనలు, ఉద్యమాలు, ప్రచారాలు. గనిలో ఖనిజం. షేర్ మార్కెట్లో ర్యాలీ. చప్పట్లు. వీటన్నిటికీ ఉన్న పోలిక ఏంటంటే ఇవన్నీ కొంత దూరమో కొంత కాలమో సాగే విషయాలు. సాగేవి మాత్రమే సాగలేక ఆగుతాయి. అందుకే కుర్చీ, పెన్ను, ఫోను లాంటి వస్తువులకి ఇది అతకదు. వాడి వాడి అరిగిపోతే ‘వోర్ అవుట్’ అంటాం.

దారి విషయం కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా మర్చిపోయే వాడుక అదే. ఊరి చివర నుంచి ఒక కాలిబాట బయల్దేరుతుంది. మొదట ఎడ్లబండి పట్టేంత వెడల్పుంటుంది, కాస్త దూరం పోయాక మనిషి నడిచేంత సన్నబడుతుంది, ఇంకాస్త పోయేసరికి గడ్డి కమ్మేసి ఎక్కడ బాటో ఎక్కడ చేనో తెలియదు. ‘ద పాత్ పీటర్స్ అవుట్ ఇన్ ద ఫీల్డ్స్’. ఎదురుగా గోడ వచ్చి దారి ఆగిపోతే మాత్రం ‘ద పాత్ ఎండ్స్ ఎట్ ఎ వాల్’ అనాలి.

నదులకీ ఇదే లెక్క. మన గోదావరి పాయ వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది, కాబట్టి ‘ఫ్లోస్ ఇంటూ ద సీ’. రాజస్థాన్‌లో అజ్మీర్ దగ్గర ఆరావళి కొండల్లో పుట్టే లూనీ నది అలా కాదు, సముద్రం దాకా పోకుండా రణ్ ఆఫ్ కచ్ చిత్తడి నేలల్లోనే ఇంకిపోతుంది. దాని గురించి రాస్తే ‘ద లూనీ పీటర్స్ అవుట్ ఇన్ ద రణ్ ఆఫ్ కచ్’ అని ఎంత చక్కగా కుదురుతుందో చూడండి.

ఇక మనుషులు. ‘ఐ యామ్ పీటర్డ్ అవుట్’ అంటే నేను బాగా అలసిపోయానని అమెరికాలో ఒక పాత వాడుక ఉంది. ఇప్పుడు అరుదు, మనం వాడకపోవడమే మంచిది. మనిషికి కాకుండా మనిషిలోని ఉత్సాహానికి వాడండి.

క్రికెట్ కామెంటరీలో ఈ మాట తరచుగా వింటాను. అన్ని డ్రాలకీ వాడొచ్చా?

వాడకూడదు. ఈ తేడా పట్టుకుంటే మీకు ఈ వెర్బు మొత్తం వచ్చేసినట్టే.

2023 మార్చిలో అహ్మదాబాద్‌లో ఇండియా, ఆస్ట్రేలియా ఆడిన నాలుగో టెస్టు గుర్తు చేసుకోండి. ఆస్ట్రేలియా 480 కొట్టింది, ఖవాజా 180. మనవాళ్లు 571 కొట్టారు, కోహ్లీ 186. రెండు ఇన్నింగ్స్ అయ్యేసరికే మ్యాచ్‌లో చాలా భాగం గడిచిపోయింది, పిచ్ మీద బౌలర్లకి దక్కిందేమీ లేదు. ఐదో రోజు ఆస్ట్రేలియా నింపాదిగా 2 వికెట్లకి 175 దాకా ఆడింది, ఇక ఫలితం రాదని అందరికీ తెలిసిపోయాక కెప్టెన్లు చేతులు కలిపేశారు. పైగా అదే రోజు క్రైస్ట్‌చర్చ్‌లో శ్రీలంక మీద న్యూజిలాండ్ ఆఖరి బంతికి గెలవడంతో ఇండియాకి ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ బెర్తు ఖాయమైపోయింది, అందరి చూపూ అటే పోయింది. ఇలాంటి మ్యాచ్‌కి ‘ద టెస్ట్ పీటర్డ్ అవుట్ ఇంటూ ఎ డ్రా’ అనే వాక్యం సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు 2021 జనవరిలో జరిగిన సిడ్నీ టెస్టు చూడండి. అదీ డ్రానే. ఆస్ట్రేలియా మనకి పెట్టిన టార్గెట్ 407. పంత్ 97 కొట్టి అవుటయ్యాడు, 77 దగ్గర పుజారా కూడా వెళ్లిపోయాడు. మన కాకినాడ కుర్రాడు హనుమ విహారికి తొడ కండరం పట్టేసింది, పరుగెత్తలేడు. అవతల అశ్విన్‌కి నడుం నొప్పి. అలాంటి స్థితిలో విహారి 161 బంతులు ఆడి 23, అశ్విన్ 128 బంతులు ఆడి 39, ఇద్దరూ నాటౌట్. 5 వికెట్లకి 334 దగ్గర మ్యాచ్ ముగిసింది. ప్రతి ఓవర్‌కీ టెన్షన్ పెరిగిన ఆట అది, తగ్గలేదు. దాన్ని పీటర్డ్ అవుట్ అని రాస్తే వాళ్లిద్దరి పోరాటానికి అన్యాయం చేసినట్టు. ‘దే బ్యాటెడ్ అవుట్ ద డే ఫర్ ఎ డ్రా’ అని రాయాలి.

స్కోరుబోర్డు మీద రెండూ డ్రాలే. ఫలితం ఏంటనేది ఈ వెర్బు చెప్పదు, అక్కడిదాకా ఎలా వచ్చిందో చెబుతుంది.

గ్రామర్‌లో ఎక్కువ మంది ఎక్కడ తప్పు చేస్తున్నారు?

దీనికి ఆబ్జెక్ట్ ఉండదు, పాసివ్ అసలే ఉండదు. ‘ద ప్రిన్సిపల్ పీటర్డ్ అవుట్ ద ప్రోగ్రామ్’ తప్పు. ‘ద ప్రోగ్రామ్ వాజ్ పీటర్డ్ అవుట్’ కూడా తప్పే. ‘గాట్ పీటర్డ్ అవుట్’ అని మన దగ్గర చాలామంది అంటారు, తగ్గిపోయింది అనడంలోని ‘పోయింది’ని ఇంగ్లీషులో ఎక్కడో ఒకచోట పెట్టాలనిపించి ఆ ‘గాట్’ తెస్తారు. అక్కర్లేదు, ఆ ‘పోయింది’ పని చేయడానికే అక్కడ ‘అవుట్’ ఉంది. ‘ద ప్రోగ్రామ్ పీటర్డ్ అవుట్’ అంతే.

పీటర్‌కీ అవుట్‌కీ మధ్యలో ఏమీ దూర్చకండి. స్లోలీ, గ్రాడ్యువల్లీ, ఈవెంచువల్లీ లాంటివి పెట్టాలంటే ముందు పెట్టుకోండి: ‘ద టాక్స్ గ్రాడ్యువల్లీ పీటర్డ్ అవుట్’. నిజానికి స్లోలీ లేకపోయినా నష్టం లేదు, నెమ్మదితనం వెర్బులోనే ఉంది.

దేనిగా మారి ఆగిందో చెప్పాలంటే ‘ఇంటూ’ వాడండి, ‘పీటర్డ్ అవుట్ ఇంటూ సైలెన్స్’ లాగా.

డై డౌన్, డై అవుట్, వేర్ ఆఫ్, టేపర్ ఆఫ్, టెయిల్ ఆఫ్, ఫేడ్ అవే... అన్నీ ఒకేలా ఉన్నాయి. ఎలా విడదీయాలి?

అన్నిటికీ తగ్గడమే మూలం, నిజమే. కానీ ఇంగ్లీషు వాళ్లు తగ్గేది ఏంటో చూసి మాట ఎంచుకుంటారు. కాబట్టి మీరు కూడా ముందు సబ్జెక్ట్ చూడండి.

మంట, గాలి, గోల, గొడవ, పుకార్లు అయితే డై డౌన్. మనం సద్దుమణిగింది అంటామే, అదే. సద్దుమణిగింది మళ్లీ రాజుకోవచ్చు, డై డౌన్‌లోనూ ఆ అవకాశం మిగిలే ఉంటుంది.

జీవజాతులు, ఆచారాలు, భాషలు అయితే డై అవుట్, అంటే అంతరించడం. మన దేశంలో చీతా అంతరించినట్టు 1952లో ప్రకటించారు, ‘చీటాస్ డైడ్ అవుట్ ఇన్ ఇండియా’ అని రాస్తాం. 2022లో ఆఫ్రికా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు, అది వేరే కథ. ఇక్కడ మన కలివికోడి గురించి చెప్పకుండా ఉండలేను. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో ఆ పిట్ట అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని గురించి రాసేటప్పుడు ‘ఇట్ వాజ్ థాట్ టు హావ్ డైడ్ అవుట్’ అని రాయాలి, ఆ ‘వాజ్ థాట్’ లేకపోతే వాక్యమే అబద్ధమవుతుంది. అదే చోట పీటర్డ్ అవుట్ పెడితే పిట్టకి కాకుండా ఏదో పథకానికి రాసినట్టు ఉంటుంది.

మందు ప్రభావం, మత్తు, నొప్పి, షాక్ అయితే వేర్ ఆఫ్. పన్ను పీకించుకుని ఇంటికొచ్చాక మత్తు వదులుతుంది చూశారా, ‘ద అనెస్థీషియా ఈజ్ వేరింగ్ ఆఫ్’.

టేపర్ ఆఫ్‌లో తరచుగా ఒక పద్ధతి ఉంటుంది. చాలా రోజులు స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లకి డాక్టర్లు ఒక్కసారిగా ఆపనివ్వరు, డోసు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వస్తారు. అది టేపరింగ్. ఎవరో దగ్గరుండి లెక్క ప్రకారం తగ్గిస్తున్నారు కాబట్టి అక్కడ పీటర్ అవుట్ రాదు. వానలు, అమ్మకాలు లాంటివి వాటంతటవే మెల్లగా తగ్గినా టేపర్ ఆఫ్ అనొచ్చు, ఆ సంగతి వేరు.

టెయిల్ ఆఫ్ అంటే ఊపు తగ్గి సన్నబడటం, పూర్తిగా ఆగిపోవాలని లేదు. పండగయ్యాక బట్టల కొట్లో బేరాలు తగ్గుతాయి, ఆగిపోవు కదా, ‘సేల్స్ టెయిల్డ్ ఆఫ్ ఆఫ్టర్ ద ఫెస్టివల్’. మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు సన్నగిల్లి వాక్యం సగంలో ఆగిపోతే దానికి ట్రెయిల్ ఆఫ్ ఉంది, ‘హర్ వాయిస్ ట్రెయిల్డ్ ఆఫ్’. ఫేడ్ అవే రంగు, శబ్దం, జ్ఞాపకం లాంటి వాటికి ఎక్కువ.

ఫిజిల్ అవుట్‌కీ దీనికీ తేడా ఉందా?

ఉంది, సన్నటి తేడా. ఫిజిల్ అవుట్‌లో ముందు ఆర్భాటం, తర్వాత నీరుగారడం. తారాజువ్వ వెలిగించి అందరూ పైకి చూస్తుంటే అది బుస్సుమని అక్కడే ఆరిపోతే ఎలా ఉంటుందో అలా. అంచనాలు ఎక్కువ పెట్టుకున్న చోట నిరాశ కూడా ఎక్కువ, ఆ నిరాశ ఫిజిల్ అవుట్‌లో పైకే కనిపిస్తుంది. పీటర్ అవుట్‌లో ఆర్భాటం ఉండాల్సిన అవసరం లేదు. చాలాచోట్ల ఒకదాని బదులు ఇంకోటి వేసినా ఎవరూ తప్పు పట్టరు, కానీ కాలిబాటకి, నదికి మాత్రం ఫిజిల్ అవుట్ వాడకండి.

రన్ అవుట్ వాడితే పోలా?

రన్ అవుట్ అంటే సరుకు నిండుకోవడం. బండిలో పెట్రోల్, డబ్బాలో పంచదార, చేతిలో డబ్బు, గడువులో టైమ్. ‘వియ్ రాన్ అవుట్ ఆఫ్ పెట్రోల్’. ఇక్కడ చివరి చుక్క అయిపోయిన క్షణం ముఖ్యం, అంతకు ముందు ఎలా తగ్గిందో ఎవరికీ పట్టదు. పైగా రన్ అవుట్ ఆఫ్‌కి మనిషి సబ్జెక్ట్‌గా వస్తాడు. ‘వియ్ పీటర్డ్ అవుట్ ఆఫ్ పెట్రోల్’ అనే వాక్యం ఇంగ్లీషులో లేనే లేదు.

ఆఫీసు మెయిల్లో వాడొచ్చా?

వాడొచ్చు, కానీ ఎవరి పని గురించి రాస్తున్నారో చూసుకోండి. ఇది ముఖ్యంగా అమెరికాలోనో, ఇక్కడే అమెరికా క్లయింట్లతోనో పనిచేసేవాళ్ల కోసం చెబుతున్నాను. ‘ద ప్రాజెక్ట్ పీటర్డ్ అవుట్’ అని రాస్తే చదివేవాళ్లకి వినిపించేది ఏంటంటే ఆ ప్రాజెక్టుని ఎవరూ పట్టించుకోలేదు, నడిపినవాళ్లు చేతులెత్తేశారు అని. మేనేజ్‌మెంట్ ఆలోచించుకుని, బడ్జెట్ చూసుకుని దశలవారీగా ఆపేసిన పనికి ఆ మాట పెడితే దాన్ని నడిపిన టీమ్‌కి మనసు కష్టమవుతుంది. అలాంటి చోట ‘వౌండ్ డౌన్’ గానీ ‘ఫేజ్డ్ అవుట్’ గానీ రాయండి, ఆ రెండింటికీ ఆబ్జెక్ట్, పాసివ్ అన్నీ కుదురుతాయి: ‘ద ప్రాజెక్ట్ వాజ్ వౌండ్ డౌన్ ఇన్ మార్చ్’.

కస్టమర్ల ఆసక్తి గురించో, ఫీడ్‌బ్యాక్ రావడం గురించో అయితే ఇబ్బంది లేదు. ‘రెస్పాన్సెస్ పీటర్డ్ అవుట్ ఆఫ్టర్ ద సెకండ్ వీక్’ శుభ్రమైన వాక్యం, ఎవరినీ తప్పు పట్టడం లేదు.

ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో వాడితే మార్కులు వస్తాయా?

స్పీకింగ్‌లో హాయిగా వాడండి. రెండో పార్ట్‌లో ఒక నిమిషం ఆలోచించుకుని ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి కదా, చిన్నప్పటి హాబీ గురించి అడిగితే ‘మై ఇంట్రెస్ట్ పీటర్డ్ అవుట్ వెన్ ఐ జాయిన్డ్ కాలేజ్’ అనడం సహజంగా ఉంటుంది. అకడమిక్ రైటింగ్ మొదటి టాస్క్‌లో గ్రాఫ్ వర్ణించేటప్పుడు మాత్రం వద్దు. అక్కడ గీత 80 నుంచి 35కి దిగిందనుకోండి, అది తగ్గుదల, ఆగిపోవడం కాదు, కాబట్టి పీటర్డ్ అవుట్ అంటే అర్థమే తప్పుతుంది. గీత సున్నాకి చేరినా అలాంటి రాతకి ఈ మాట కాస్త తేలిక. ‘డిక్లైన్డ్ గ్రాడ్యువల్లీ’, ‘ఫెల్ స్టెడిలీ’ చాలు. ఫ్రేజల్ వెర్బులు గుప్పిస్తే బ్యాండ్ స్కోరు పెరుగుతుందని కోచింగుల్లో చెప్పే మాట పట్టుకుని పిల్లలు ప్రతి పేరాలో ఒకటి ఇరికిస్తున్నారు, చదువుతుంటే బాధేస్తుంది. సరైన చోట పడ్డ మామూలు మాట కంటే తప్పు చోట పడ్డ గొప్ప మాట ఎక్కువ నష్టం చేస్తుంది.

పీటర్ ఎవరు? మనిషి పేరా?

19వ శతాబ్దం మధ్యలో అమెరికాలో, ముఖ్యంగా గనుల్లో పనిచేసేవాళ్ల మాటల్లో, ఇది వాడుకలోకి వచ్చింది. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడ్డాక జనం ఎగబడ్డ రోజులవి. రాతిలో బంగారు చార వెంట తవ్వుకుంటూ పోతే అది సన్నబడి సన్నబడి చివరికి ఉత్త రాయి మిగిలేది, అప్పుడు ‘ద వెయిన్ హాజ్ పీటర్డ్ అవుట్’ అనేవాళ్లు. పీటర్ ఎందుకనే దాని మీద పండితులు ఇంకా తేల్చలేదు. గనుల్లో పేల్చే మందులో వాడే సాల్ట్‌పీటర్ నుంచి అని కొందరు, ఫ్రెంచి మాట అని కొందరు, బైబిల్లో పేతురు అని కొందరు. ఏదీ రుజువు కాలేదు కాబట్టి ఏ ఒక్కదాన్నీ ఖాయంగా చెప్పకండి. వాక్యంలో రాసేటప్పుడు మాత్రం మనిషి పేరులా పెద్ద అక్షరంతో మొదలుపెట్టకూడదు, మామూలు చిన్న అక్షరమే.

గనుల మాట వచ్చింది కాబట్టి మన పక్కనే ఉన్న ఉదాహరణ ఒకటి. చిత్తూరు జిల్లా దాటితే వచ్చే కోలార్ బంగారు గనులు 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ చేతుల్లో పెద్ద ఎత్తున నడిచాయి, 3 కిలోమీటర్లకి పైగా లోతుకి తవ్వారు, మన తెలుగువాళ్లు కూడా ఎందరో అక్కడ పనిచేశారు. లోతుకి పోయేకొద్దీ టన్ను రాయికి దొరికే బంగారం తగ్గింది, తవ్వే ఖర్చు పెరిగింది, 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. దీన్ని ఇంగ్లీషులో ఒకే వెర్బుతో చెప్పాలని చూడకండి. ‘ద రిచ్ ఓర్ పీటర్డ్ అవుట్, అండ్ ద మైన్స్ వర్ క్లోజ్డ్ ఇన్ 2001’. ఖనిజం దానంతట అది తగ్గిపోయింది, గనిని మాత్రం నిర్ణయం తీసుకుని మూశారు. ‘ద మైన్స్ పీటర్డ్ అవుట్’ అంటే ఆ నిర్ణయమూ దానితో రోడ్డున పడ్డ కుటుంబాలూ వాక్యంలో కనిపించకుండా పోతాయి.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేటప్పుడు ఏ మాట వస్తే ఇది గుర్తుకు రావాలి?

ఉత్సాహం ‘చప్పబడింది’ అన్నప్పుడు, ఉద్యమం ‘నీరుగారిపోయింది’ అన్నప్పుడు, వాగు ‘ఇంకిపోయింది’ అన్నప్పుడు, మాటలు ‘సన్నగిల్లి ఆగిపోయాయి’ అన్నప్పుడు. దీపం ‘కొడిగట్టింది’ అన్నప్పుడు కాదు, అది ఇంకా ఆరలేదు, ఆరబోతోంది. ఆశలు కొడిగట్టాయి అనాలంటే ‘హోప్స్ ఆర్ ఫేడింగ్’ రాయండి.

ఎలా పలకాలి, పాస్ట్ టెన్స్ కోసం చివర ఈడీ చేర్చేటప్పుడు స్పెల్లింగ్‌లో ఆర్ రెండుసార్లు రాయాలా?

‘పీ’ మీద ఒత్తు, అంటే దాన్ని నొక్కి పలకాలి, రెండు మాటలూ కలిపి ‘పీటరౌట్’ అన్నట్టు పలుకుతారు. ఆర్ ఒక్కటే. రిఫర్‌లో ఒత్తు రెండో భాగం మీద ఉంది కాబట్టి రిఫర్డ్‌లో ఆర్ రెండు అవుతుంది, పీటర్‌లో ఒత్తు ముందే ఉంది కాబట్టి పీటర్డ్‌లోనూ పీటరింగ్‌లోనూ ఒక్క ఆర్‌తో ఆపేయాలి.